ఫోన్ లాకు, ఎన్‌క్రిప్షన్, దొంగలు, పోలీసులు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర మా పిన్ని ఫోన్ పోయింది. ఆరోగ్య రొట్టె పట్టుకోవడానికి నీళ్లలోకి దిగేటప్పుడు చేతిసంచిలో ఉంది, గట్టెక్కి చూసుకుంటే లేదు. మేమంతా ఫోన్ పోయిందని బాధపడుతుంటే ఆమె బాధ వేరే. "అందులో ఆధార్ ఫోటో ఉందిరా, ఏటీఎం కార్డు రెండు పక్కలా తీసిన ఫోటో ఉంది, మీ బాబాయి ఆస్పత్రి రిపోర్టులన్నీ ఉన్నాయి" అని ఏడ్చింది. లాకు ఏం పెట్టావు పిన్నీ అంటే, "లాకు ఎందుకురా, పైకి తోస్తే తెరుచుకుంటుంది" అంది. అప్పటి నుంచి కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టాలు, ఫ్రెండ్సు నన్ను ఫోన్‌లో అడుగుతూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నా.

ఎన్‌క్రిప్షన్ అంటే ఏంది, అర్థమయ్యేలా చెప్పు

మీ ఫోన్‌లోని ఫోటోలు, మెసేజీలు, ఫైళ్లు మామూలు రూపంలో దాచి ఉండవు, గణితంతో కలగాపులగం చేసిన అంకెల కుప్పలాగా ఉంటాయి. సరైన తాళంచెవి పడితేనే అవి మళ్లీ ఫోటోలవుతాయి, మెసేజీలవుతాయి. బ్యాంకు లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి కదా, ఒకటి మేనేజరు దగ్గరుండేది, ఒకటి మన దగ్గరుండేది. ఫోన్‌లో కూడా అంతే. ఒక తాళంచెవి ఫోన్ చిప్పులోనే ఉంటుంది, దాన్ని బయటికి పీకి తీసుకోవడం కుదరదు. రెండోది మీ తలలో ఉండే పిన్. రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది. అందుకే ఫోన్ విప్పి మెమరీ చిప్పు ఊడబీకి వేరే మెషీన్‌కి తగిలించినా అందులో కనపడేది చెత్తే.

నా ఫోన్‌లో అది ఉందా? ఆన్ చేసుకోవాలా?

ఉంది. ఐఫోన్‌లో 2014లో వచ్చిన ఐఓఎస్ 8 సాఫ్ట్‌వేర్ నుంచి పాస్‌కోడ్ పెడితే చాలు, డేటా దానితోనే ముడిపడుతుంది. ఆండ్రాయిడ్‌లో అయితే 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో బజారులోకి వచ్చే కొత్త ఫోన్లన్నిటికీ, చవక ఫోన్లతో సహా, గూగుల్ దీన్ని తప్పనిసరి చేసింది. అంటే ఆ తర్వాత కొన్న ఎనిమిది వేల ఫోన్‌లో కూడా ఆ రక్షణ ఉన్నట్టే. మీరు ఆన్ చేయాల్సింది ఏమీ లేదు.

కానీ లాకు పెట్టకపోతే అది ఉండీ లేనట్టే. మా పిన్ని ఫోన్‌లోనూ ఎన్‌క్రిప్షన్ ఉంది, బీగం వేసి చెవి దానికే వదిలేసినట్టు ఉంది. ఇంతకన్నా నా గుండె మండే విషయం ఇంకోటి లేదు, డబ్బులిచ్చి కొన్న రక్షణను ఆరంకెలు నొక్కడానికి బద్ధకించి వదులుకుంటున్నాం.

ఇంకో మాట, పక్కన వేసుకునే మెమరీ కార్డు మామూలుగా ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు. దొంగ దాన్ని తీసి కార్డు రీడర్లో పెడితే అన్నీ కనపడతాయి. పెళ్లి ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు కార్డులో పెట్టి ఉంటే ఇవాళే ఫోన్ లోపలికి మార్చుకోండి.

నాలుగంకెల పిన్ చాలదా?

నాలుగంకెలతో 10,000 పిన్‌లు వస్తాయి, ఆరంకెలతో 10 లక్షలు. తప్పు కొట్టేకొద్దీ ఫోన్ ఆపి ఆపి అడుగుతుంది కాబట్టి చేత్తో కూర్చుని ప్రయత్నించే దొంగకు నాలుగంకెలే కష్టం. అయితే మనం పెట్టేవి ఆ పదివేలల్లోంచి ఎక్కడివో కాదు: 1234, పుట్టిన సంవత్సరం, బండి నంబరు. బండి పక్కన నిలబడి ఫోన్ పోగొట్టుకున్నవాడి పిన్ బండి నంబరే అయితే ఇక చెప్పేదేముంది.

ప్యాటర్న్ లాకు మాత్రం నాకు అసలు నచ్చదు. తొమ్మిది చుక్కల మీద గీయగల ప్యాటర్న్‌లు 3,89,112 ఉన్నాయి, చాలా ఎక్కువే. కానీ మనవాళ్లు గీసేది ఎల్లో, జెడ్డో, ఎమ్మో. పైగా బస్సులో పక్క సీటువాళ్లకు ఒక్కసారి చూస్తే గుర్తుండిపోతుంది, మధ్యాహ్నం ఎండలో స్క్రీన్‌ని కాస్త వంచి చూడండి, వేలి జిడ్డుతో ఆ గీత అలాగే మెరుస్తూ ఉంటుంది. ఆరంకెల పిన్ పెట్టండి, పుట్టినరోజులు, పెళ్లిరోజులు కాకుండా.

వేలిముద్ర ఉందిగా, మళ్లీ పిన్ ఎందుకు?

వేలిముద్ర మన సౌకర్యానికి, అసలు తాళం పిన్నే. పబ్లిక్‌లో పిన్ కొట్టకుండా వేలిముద్రతో తెరవడం మంచిదే, భుజం మీదుగా చూసేవాళ్లకు ఏమీ దొరకదు. కాకపోతే రాత్రి రైల్లో బెర్తు మీద నిద్రపోయేటప్పుడు వేలు మనదే కానీ తెలివి మనది కాదు. పడుకునే ముందు ఫోన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి లాక్‌తో వదిలేయండి. పూర్తిగా ఆపి మళ్లీ వేసిన ఫోన్ మొదటిసారి పిన్ కొట్టేదాకా వేలిముద్ర తీసుకోదు.

అదేంటి, రీస్టార్ట్ చేస్తే అంత తేడానా?

చాలా తేడా, దీని గురించి చెప్పేవాళ్లే తక్కువ. పొద్దున ఫోన్ వేసి ఒకసారి పిన్ కొట్టాక, ఆ తర్వాత స్క్రీన్ లాక్ చేసినా తాళంచెవులు ఫోన్ పనిచేసే మెమరీలో చాలావరకు అలాగే ఉంటాయి. అలా ఉంటేనే లాక్ మీద కూడా మెసేజ్ ఎవరి నుంచి వచ్చిందో పేరు కనపడుతుంది. రీస్టార్ట్ చేసి ఇంకా పిన్ కొట్టని ఫోన్‌లో ఆ చెవులు అక్కడ ఉండవు, అందుకే కాల్ వచ్చినా పేరు బదులు నంబరు కనపడుతుంది. గమనించి చూడండి. ఫోన్ అంతకన్నా గట్టిగా ఉండే స్థితి ఇంకోటి లేదు. ఐఫోన్లు ఐఓఎస్ 18.1 నుంచి మూడు రోజులు ఎవరూ తెరవకపోతే వాటంతట అవే రీస్టార్ట్ అవుతాయి, 2025లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్‌కు అలాంటిదే తెచ్చింది.

లాకు గట్టిగా ఉంటే నా డబ్బులు సేఫేనా?

సగమే సేఫ్. మిగతా సగం సిమ్ కార్డులో ఉంది. దొంగ మీ ఫోన్ తెరవలేకపోయినా పిన్నీసుతో పొడిచి సిమ్ బయటికి తీసి తన ఫోన్లో వేసుకుంటాడు. ఇక మీ ఓటీపీలు అతనికి వస్తాయి. యూపీఐ యాప్ మీ నంబరుతో కొత్తగా రిజిస్టర్ చేసుకుంటాడు, యూపీఐ పిన్ మార్చడానికి అడిగేది ఏటీఎం కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ. ఆ కార్డు పర్సులో ఉండి పర్సు కూడా పోయి ఉంటే, లేదా కార్డు ఫోటో ఎక్కడో వాట్సాప్‌లో ఎవరికో పంపి ఉంటే పని అయిపోయినట్టే. మా పిన్ని ఫోన్‌లో కార్డు ఫోటో ఉందంటే నాకు చెమటలు పట్టింది ఇందుకే.

దీనికి మందు సిమ్ లాక్. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఉంటుంది. పెట్టుకుంటే ఆ సిమ్ ఏ ఫోన్లో వేసినా ముందు పిన్ అడుగుతుంది. పెట్టేటప్పుడు పాత పిన్ అడుగుతుంది, అది కంపెనీ ముందే పెట్టినది, ఊహించి కొట్టొద్దు, కస్టమర్ కేర్‌లో కనుక్కోండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే (ఆగిపోయిన సిమ్‌ను తెరిచే ఇంకో కోడు) అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ ఇక పనికిరాదు. ఈ ఒక్క పనికి భయపడి చాలామంది వదిలేస్తారు, వదిలేయొద్దు, కాల్ చేసి కనుక్కుంటే పది నిమిషాల పని.

చిన్న చెల్లింపుల కోసం యూపీఐ లైట్‌లో వేసుకున్న డబ్బుకు పిన్ అడగదన్నది కూడా గుర్తుంచుకోండి. తెరిచి ఉన్న ఫోన్ చేతికి చిక్కితే, ఆ యాప్‌కు విడిగా లాకు లేకపోతే, ముందు పోయేది అదే.

వాడుతుండగా, లాక్ తీసి ఉన్నప్పుడు లాక్కుపోతే?

మన వైపు ఎక్కువ జరిగేది ఇదే. సింగరాయకొండలో రైలు కదిలేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని వీడియో చూస్తుంటే ప్లాట్‌ఫాం మీద నుంచి చెయ్యి వస్తుంది, అంతే. మా ఆఫీసులో పనిచేసే తమ్ముడికి అలాగే జరిగింది, ఇయర్‌ఫోన్ వైరు మాత్రం చేతిలో మిగిలింది. ఆ క్షణంలో ఎన్‌క్రిప్షన్ ఏమీ చేయలేదు, తలుపు మనమే తెరిచి పెట్టాం కాబట్టి.

అందుకని గూగుల్ 2024లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్ తెచ్చింది. ఎవరో లాక్కుని పరుగెత్తినట్టు కదలిక కనిపెడితే ఫోన్ తనే లాకవుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి పైన ఉన్న చాలా ఫోన్లకు ఇచ్చారు, సెట్టింగ్స్‌లో గూగుల్ కింద థెఫ్ట్ ప్రొటెక్షన్ అని వెతకండి. నెట్ తీసేస్తే లాకయ్యే ఆఫ్‌లైన్ డివైస్ లాక్ కూడా అక్కడే ఉంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 17.3 నుంచి స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఉంది, దాంతో పిన్ తెలిసిన దొంగ కూడా కొత్త చోట ఆపిల్ పాస్‌వర్డ్ మార్చాలంటే మీ ముఖమో వేలిముద్రో కావాలి, గంట ఆగి మళ్లీ చూపించాలి. బ్యాంకు యాప్‌లకు, వాట్సాప్‌కు, గ్యాలరీకి విడివిడిగా లాకు పెట్టడం కూడా ఇలాంటప్పుడే పనికొస్తుంది. ఆటో స్క్రీన్ లాక్ 30 సెకన్లకు పెట్టండి, పది నిమిషాలకు కాదు.

పోయింది. ఇప్పుడు మొదట ఏం చేయాలి?

పక్కవాళ్ల ఫోన్ అడిగి ముందు సిమ్ బ్లాక్ చేయించండి. స్టేషన్‌కు పరుగెత్తడం తర్వాత. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930కి చేయండి, అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్, ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు ఎన్ని గంటలకు చెప్పారో, ఫిర్యాదు నంబరు ఎంతో కాగితం మీద రాసిపెట్టుకోండి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మీరు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే, అందుకే ఆ టైము విలువైనది.

ఆ తర్వాత ఇంకో ఫోన్లో గూగుల్ ఫైండ్ హబ్, లేదా ఆపిల్ ఫైండ్ మై తెరిచి లాక్ చేయండి. దొరకదని తేలితే ఎరేజ్ కొట్టండి. ఎన్‌క్రిప్షన్ ఉన్న ఫోన్లో ఎరేజ్ అంటే లోపలి తాళంచెవిని నాశనం చేయడం, చెవి పోతే మిగిలిన అంకెల కుప్పను తిరిగి ఫోటోలు చేసేవాడు లేడు.

ఇక పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్. ఆ రెండూ చేతికొచ్చాక టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైటులో సీఈఐఆర్ అనే చోట ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు), బిల్లు, ఫిర్యాదు కాపీ పెట్టి ఫోన్ బ్లాక్ చేయించండి. ఇది 2023 మే నుంచి దేశమంతటా ఉంది. ఆ తర్వాత ఎవరైనా ఆ ఫోన్లో సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు వెళ్తుంది. ఎస్పీ ఆఫీసులో దొరికిన ఫోన్లు బల్ల మీద వరసగా పేర్చి జనానికి ఇచ్చే ఫోటోలు పేపర్లో చూస్తుంటాం కదా, వాటి వెనక ఉన్నది చాలావరకు ఇదే. ఐఎంఈఐ ఇప్పుడే *#06# కొట్టి చూసి రేషన్ కార్డు వెనకో, బీరువా తలుపు లోపలో రాసిపెట్టండి. ఫోన్ పోయాక ఫోన్లోంచి చూడలేం.

"మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వచ్చింది, నిజమేనా?

కాదు. దొంగ దగ్గర ఉన్నది లాకయిన ఫోన్, దాన్ని అమ్మాలంటే మీ పాస్‌వర్డ్ కావాలి, దాని కోసం వేసే గాలం అది. లింకు నొక్కొద్దు.

రిపేరు షాపులో లాకు చెప్పమంటారు, చెప్పాలా?

స్క్రీన్ మార్చడానికి, బ్యాటరీ మార్చడానికి పిన్ అక్కర్లేదు. పని అయ్యాక మీ ముందే మీరే తెరిచి టచ్ చూసుకోవచ్చు. కానీ మన షాపుల్లో అలవాటు వేరే. ఫోన్ తీసుకోగానే వెనక ఒక స్లిప్పు అతికిస్తారు, దాని మీద మీ పేరు, నంబరు, కింద తొమ్మిది చుక్కలు వేసి వాటి మీద మీ ప్యాటర్న్ బాణం గుర్తుతో సహా గీస్తారు. ఆ ఫోన్లు డబ్బాలో అందరికీ కనపడేలా ఉంటాయి. ఒకసారి ఒక షాపులో నా ముందున్న ఆడపిల్ల ఫోన్ అలా ఇచ్చి వెళ్లింది, ఆమె బయటికి వెళ్లిందో లేదో పనిచేసే కుర్రాడు గ్యాలరీ తెరిచాడు. నేను గట్టిగా అడిగితే స్పీకర్ చెక్ చేస్తున్నానన్నాడు. ఆ రోజు నుంచి ఈ విషయంలో నాకు మొహమాటం పోయింది, మీరూ పెట్టుకోవద్దు.

శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ అని ఉన్నాయి. ఆన్ చేసి ఇస్తే ఫోన్ పనిచేస్తుంది కానీ మీ ఫోటోలు, మెసేజీలు కనపడవు. అవి లేని ఫోన్ అయితే బ్యాకప్ తీసుకుని రీసెట్ చేసి ఇవ్వండి.

రోడ్డు మీద పోలీసులు ఆపి వాట్సాప్ చూపించమంటే?

లైసెన్సు, ఆర్సీ చూపించమనడం వేరు, ఫోన్ తెరవమనడం వేరు. 2021 అక్టోబరులో హైదరాబాదులో దారిన పోయేవాళ్ల ఫోన్లు తీసుకుని చాట్లలో గంజాయి అన్న మాట వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చి పెద్ద చర్చ జరిగింది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ హక్కులోకి చొరబడాలంటే చట్టం ఆధారం ఉండాలి, తగిన కారణం ఉండాలి. ఊరికే ఆపి ఊరికే చూడటం అందులోకి రాదు.

కేసు దర్యాప్తు అయితే సంగతి మారుతుంది. పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం ప్రకారం ఫోన్ ఇవ్వమని 94వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వొచ్చు, సోదా చేసి స్వాధీనం కూడా చేసుకోవచ్చు. కానీ వారంట్ లేకుండా సోదా చేసే అధికారి కారణాలు కాగితం మీద రాయాలి (185), సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి (105). మీరు చేయాల్సిందల్లా మర్యాదగా అడగడం: "సార్, ఏ కేసు, నోటీసు ఉందా, పంచనామా కాపీ ఇస్తారా." గొడవ పడొద్దు, ఫోన్ లాక్కుని పారిపోవద్దు. స్వాధీనం అయ్యాక ఇంట్లోంచి ఎరేజ్ కొట్టించడం లాంటివి అసలు చేయొద్దు, సాక్ష్యం మాయం చేశారని ఇంకో కేసు అవుతుంది. లాయరుకు డబ్బుల్లేకపోతే 15100కి చేయండి, న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్. అర్హత ఉన్నవాళ్లకు, అంటే ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, అరెస్టయి కస్టడీలో ఉన్నవాళ్లకు, ఉచితంగా లాయరును ఇస్తారు.

పిన్ చెప్పి తీరాల్సిందేనా?

నిందితుడిని తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3)లో ఉంది. పిన్ చెప్పడం ఆ కిందికి వస్తుందా అన్నదాని మీద కోర్టులు ఒకే మాట మీద లేవు. కర్ణాటక హైకోర్టు 2021లో రాదంది, ఢిల్లీలో సీబీఐ ప్రత్యేక కోర్టు 2022లో నిందితుణ్ని బలవంతపెట్టలేరంది. వేలిముద్ర సంగతి అలా కాదు, వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే సుప్రీంకోర్టు పదకొండుమంది జడ్జిలు చెప్పారు. అంటే చట్టం దృష్టిలో కూడా వేలి కన్నా తలలో ఉన్న పిన్‌కే బలం ఎక్కువ. వేలిముద్రను అప్పటికప్పుడు ఆపాలంటే ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలో లాక్‌డౌన్, ఐఫోన్‌లో పక్క బటను, వాల్యూమ్ బటను కలిపి కాసేపు నొక్కి పట్టుకోవడం.

ఐటీ చట్టం 69వ సెక్షన్ అని బెదిరిస్తే భయపడకండి. దాని కింద డీక్రిప్ట్ చేయమని ఆదేశిస్తే సహకరించనివాళ్లకు ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న మాట నిజమే, కానీ ఆ ఆదేశం మామూలుగా హోం శాఖ కార్యదర్శి స్థాయిలో రాతపూర్వకంగా రావాలి, చెక్‌పోస్టు దగ్గర నోటిమాటగా కాదు.

పోలీసుల దగ్గర ఏ ఫోన్ అయినా తెరిచే మెషీన్ ఉందంట?

సెలబ్రైట్ లాంటి కంపెనీలు అలాంటివి దర్యాప్తు సంస్థలకు అమ్ముతాయి. అవి గణితాన్ని విరగ్గొట్టవు, ఫోన్ సాఫ్ట్‌వేర్లో ఉన్న లోపాల్లోంచి దూరతాయి. అందుకే అప్‌డేట్లు రాని పాత ఫోన్, చిన్న పిన్, ఆన్‌లో ఉన్న ఫోన్ వాటికి తేలిక. అప్‌డేట్ వచ్చింది అంటే రేపు చేద్దాంలే అని పక్కకు తోసేయకండి, దొంగలు వాడేవీ అవే లోపాలు.

వాట్సాప్ ఎన్‌క్రిప్టెడ్ కదా, ఇక భయమేంటి?

2016 నుంచి వాట్సాప్ మెసేజీలు దారిలో ఎవరికీ కనపడవు. దారిలో. ఫోన్ తెరిస్తే చదువుకోవచ్చు. గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్లే బ్యాకప్ మీద వాట్సాప్ తాళం ఉండదు, మీరు చాట్ బ్యాకప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ విడిగా ఆన్ చేస్తే తప్ప. అలాగే అవతలివాళ్ల ఫోన్ కూడా ఉంది, మీ మెసేజ్ అక్కడా ఉంటుంది.

ప్రభుత్వం సంచార్ సాథీ యాప్ అన్ని ఫోన్లలో పెట్టిస్తుందంటున్నారు?

కొత్త ఫోన్లలో ముందే వేసి ఇవ్వాలన్న ఆదేశం విషయం 2025 డిసెంబరు మొదట్లో బయటికి వచ్చింది, గోప్యత గురించి అభ్యంతరాలు రాగానే ఆ తప్పనిసరి నిబంధన వెనక్కి తీసుకున్నారు. యాప్ లేకుండా సైటులోనే పని అవుతుంది.

నేను ఏ తప్పూ చేయలేదు, నాకెందుకు ఇదంతా?

ఈ మాట ఎక్కువగా మగవాళ్ల నుంచే వింటాను. తప్పు చేయకపోయినా స్నానాల గది తలుపు వేసుకుంటాం. మీ ఫోన్లో మీ ఒక్కరి విషయాలే లేవు, మీ అమ్మ షుగర్ రిపోర్టు ఉంది, చెల్లెలి పెళ్లిచూపుల ఫోటోలున్నాయి, అప్పు అడిగిన స్నేహితుడి మెసేజ్ ఉంది. వాళ్లు మిమ్మల్ని నమ్మి పంపారు. మీరు దాచాల్సింది ఏమీ లేకపోవచ్చు, వాళ్లకు ఉండొచ్చు కదా.

నాకేదైనా అయితే మా ఇంట్లోవాళ్లు ఫోన్ తెరవగలరా?

తెరవలేరు. తాళానికి మంచివాళ్లెవరో చెడ్డవాళ్లెవరో తెలియదు. ఒంగోలులో మా వీధిలో ఒకాయన గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. నెల తర్వాత ఆయన భార్య ఆ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది, "అబ్బాయ్, మనవరాలి అన్నప్రాసన ఫోటోలు ఇందులోనే ఉన్నాయి, ఎట్టాగైనా తీసివ్వు" అని. ఆయన పిన్ ఎవరికీ తెలియదు. ఏమీ చేయలేకపోయాను. మనలాంటివాళ్లెవరూ చేయలేరు, అందుకే అది తాళం.

గూగుల్ అకౌంట్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది, మీరు చెప్పినన్ని నెలలు అకౌంట్ కదలకపోతే మీరు ఎంచుకున్నవాళ్లకు ఫోటోలు, మెయిళ్లు అందేలా పెట్టొచ్చు. ఐఫోన్‌లో అలాంటి పనికే ఐఓఎస్ 15.2 నుంచి లెగసీ కాంటాక్ట్ ఉంది. రెండూ బతికుండగా మనమే పెట్టుకోవాల్సినవి. నేను వాటితో పాటు ఆరంకెలు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, బీరువాలో పొలం పాస్‌బుక్కు మధ్యలో పెట్టాను. అది అక్కడుందని మా ఆవిడకు చెప్పాను.